నా పులుసు నాకు తిరిగిచ్చెయ్యండి

ఒకటో కాగితం

నా పేరు సూరాడ ఎర్రమ్మ. మా ఆయన సూరాడ గురువులు, వేటకెళ్ళి సముద్రంలోనే ఉండిపోయాడు. నాకు డెబ్బై మూడేళ్ళని ఇక్కడి కాగితాల్లో ఉంది, నేనైతే లెక్కపెట్టుకోలేదు. ఇంట్లో నా కొడుకు దానయ్య, కోడలు నూకరత్నం, నేను. కోడలికి ఏడో నెల. పుట్టని బిడ్డని ఇంటి మనుషుల్లో రాయకూడదంటోంది జరీనా. రాయమన్నాను. నలుగురం.

ఉండేది తొమ్మిదో కేంద్రం, నాలుగో వరస, పన్నెండో గది. సముద్రం అడుగున, నూట పది బారల లోతు. మా తెలుగువాళ్ళం పదకొండు వందల మందిమి ఉన్నాం, వేరే వరసల్లో వేరే దేశాల వాళ్ళూ ఉన్నారు. మేమెవరమూ దీన్ని కేంద్రం అనం, గంప అంటాం. కోడిపిల్లల మీద బోర్లించిన గంపలాగే ఉంటుంది. దేశం మనది కాదు, నెత్తి మీది నీళ్ళూ మనవి కావు. మా ఊరి ఒడ్డు కడలిలో కలిసిపోయిన ఏడాది, అడుగున ఖనిజం తవ్వే చోట పని ఉందంటే దానయ్య వచ్చాడు. వాడి వెనక మేం వచ్చాం. ఆరేళ్ళయింది.

నాకు చదువు రాదు. గోడలో మాట్లాడే యంత్రం ఉంది, దానికి చెబితే అదే రాస్తుంది. కానీ నా మాటల్ని నున్నగా చెక్కేస్తుంది. మొన్న నేను “భోజనశాలలో పెట్టేది విషం” అన్నాను. అది రాసుకుని, “శాల ఆహారం విషయంలో నాకు కొంత అసంతృప్తి ఉంది” అని చదివి వినిపించింది. దాని మొహం మండ. అందుకే ఆసుపత్రి నర్సు జరీనా చేత రాయిస్తున్నాను. కావలి ఊరి పిల్ల. డ్యూటీ దిగాక వచ్చి మందుల చీటీల వెనక రాస్తోంది. నా యాసని సర్దుకోమన్నాను. తిట్లు మాత్రం తియ్యొద్దన్నాను.

ఈ కాగితాలు గంపలో మా మంచీచెడ్డా చూసే ఊరి సభకి. నేను చెప్పేది ఒక్కటే. శాలలో మీరు తింటున్నది తినకూడనిది. అది మీకు తెలియకుండా పోయింది నా వల్ల.

రెండో కాగితం

నిన్న ఆ చివరి మాట దగ్గర జరీనా కలం ఆపేసింది. “ఏంది పెద్దమ్మా, నీ వల్ల అంటావు? అట్టా రాస్తే కేసు నీ మీదకే తిరుగుతుంది.” తిరగనీ అన్నాను. రాసింది.

ఇక్కడ ఇళ్ళలో పొయ్యిలుండవు. నీళ్ళు కొలిచి ఇస్తారు, గాలి కొలిచి వదుల్తారు. అందరూ శాలకే పోయి తినాలి. బంతికి రెండు వందల మంది. అందరికీ పెట్టేది ఒకటే, తెల్లటి ముద్ద. తొట్లలో పెంచిన నాచుని ఉడకబెట్టి చేస్తారు. దానికి ఉప్పూ లేదు, కారమూ లేదు. రుచంతా అంగిట్లో అతికించిన బిళ్ళలో ఉంటుంది. బల్ల మీద ఉన్న బొమ్మ నొక్కాలి. గుత్తొంకాయ నొక్కితే గుత్తొంకాయ, రొయ్యల ఇగురు నొక్కితే రొయ్యల ఇగురు. ముద్ద అదే, నోరే మారుతుంది.

ఆ రుచులు ఎక్కడివనుకున్నారు? నావి.

నాలుగేళ్ళ కిందట శాల మేనేజరు ముక్కామల శశాంక్ మా గదికొచ్చాడు. అప్పటికి మా వాళ్ళు తిండి మీద బెంగతో చిక్కిపోతున్నారు. “అమ్మగారూ, ఎవరివో రుచులు పెట్టాం, మనవాళ్ళు రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు. మీ చెయ్యి మాకివ్వాలి” అన్నాడు. పైనుంచి నిజం వంజరం చేపలు, చింతపండు, ఎండుమిరపకాయలు దింపించాడు. తొమ్మిది రోజులు వండాను. నా నాలుకకి తీగలు పెట్టి, నేను వండింది నా చేతే తినిపించి, ఆ రుచిని పట్టుకున్నారు. ఇరవై రెండు కూరలు. పులుసు బొమ్మ కింద ‘ఎర్రమ్మ పులుసు’ అని పేరు రాయించారు. శాల గోడకి నా ఫొటో పెట్టారు. ఒప్పందం ఉన్న గాజు పలక మీద నేను వేలిముద్ర వేశాను. బదులుగా నా గదిలో ఒక పలక పొయ్యి, నెలకి ఆరు కిలోల బియ్యం, నా నోట్లో బిళ్ళ పెట్టకూడదని మాట. మా వాళ్ళందరిలో బిళ్ళ లేని నోరు నాదొక్కటే.

పొంగిపోయానని ఎందుకు దాచాలి? బంతి వేళకి శాల గుమ్మం దగ్గర ఊరికే నిలబడేదాన్ని, ఎవరేమంటారో విందామని. ఇంట్లో మాత్రం నా పొయ్యి మీద వండిన గంజి ఎవరికీ అక్కర్లేదు. నూకరత్నం మొహం మీదే చెప్పేది.

“అత్తా, ఎనిమిది గంటలు తవ్వి వచ్చి నీ గంజి ఎప్పుడు కాగుతుందా అని కూచోవాలా? శాలలో అయిదు నిమిషాలు. ఎంగిలి గిన్నె కూడా వాళ్ళే తీసుకెళ్తారు. నీకు వండటం సరదా. నాకు నమలడానికే ఓపిక లేదు.”

“అయితే నా చేతి వంట అక్కర్లేదా?”

“అక్కడ తింటున్నదీ నీ చేతిదే కదా. ఇంకా చెప్పాలంటే అక్కడే బాగుంటుంది. ఏ రోజూ ఉప్పెక్కువవదు.”

“అంటే నా కన్నా నా దెయ్యం బాగా వండుతోందన్నమాట.”

పడిపడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

మూడో కాగితం

ఇది చెప్పడానికే అన్నీ మొదలుపెట్టాను. జరీనా, మెల్లగా రాయి.

నలభై రోజుల కిందట శశాంక్ మళ్ళీ వచ్చాడు. చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు.

“అమ్మగారూ, చిన్న తేడా వస్తోంది. పులుసు తిన్నాక నాలుక చివర చేదు తగులుతోందని నలుగురైదుగురు అన్నారు.”

“పులుపు తక్కువైంది నాయనా. చింతపండు ఇంకో పిసరు పడాలి. ఒక బెల్లం ముక్క పడెయ్యి. కాకరకాయ చేదే అణిగిపోతుంది, ఇదెంత?”

“అయితే మళ్ళీ ఒకసారి వండి ఇస్తారా?”

వండి ఇచ్చాను. పులుసొక్కటే కాదు, ఎనిమిది కూరల్లో పులుపు పెంచి, తీపి తగిలించి ఇచ్చాను. మర్నాటి నుంచి ఎవరూ చేదు అనలేదు. శశాంక్ గుమ్మంలోంచే రెండు చేతులూ జోడించి, “అద్భుతం అమ్మగారూ” అన్నాడు.

వంట చేసేవాళ్ళం కూరలో చేదొస్తే దాన్ని ఎలా అణచాలా అని చూస్తాం. యాభై ఏళ్ళుగా నా చెయ్యి ఆ పనే చేస్తోంది, బుర్రని అడక్కుండానే. అంగిట్లో బిళ్ళ ఉండగా దాన్ని దాటుకుని చేదు నాలుకకి తగిలిందంటే, ఆ ముద్దలో ఏం పడి ఉండాలి? అది అడగాల్సింది నేను. అడగలేదు. బెల్లం వెయ్యమన్నాను.

నాలుగో కాగితం

పన్నెండు రోజుల కిందట దానయ్య పని నుంచి వచ్చి నా పక్కన చతికిలబడి ఆవలించాడు. వాడి నోట్లోంచి వాసన కొట్టింది. ముద్ద వాసన నాకు తెలుసు, తడిసిన పలకలా ఉంటుంది. ఇది అది కాదు.

“ఒరే, ఏటి తిన్నావు?”

“ఏటి తింటానమ్మా? నీ పులుసే.”

“నోరు తెరు.”

“ఓలమ్మా! నలభై ఏళ్ళోణ్ణి, నోరు తెరవమంటావేటి?” అని నవ్వాడు. నవ్వుతుంటే పెదవి ఒక పక్కకే లేచింది. రెండో పక్క కదల్లేదు. వాడికి తెలియలేదు.

మా ఒడ్డున కొన్నేళ్ళకోసారి ఎర్రనీళ్ళు పడేవి. సముద్రం తుప్పు రంగు తిరిగేది. పచ్చిగడ్డి కుళ్ళబెట్టి అందులో ఇనుము నానేసినట్టు ఒడ్డంతా ఒక వాసన. ఆ నీళ్ళు ఉన్నన్నాళ్ళు ఆల్చిప్పలు ఏరకూడదు. తిన్నవాళ్ళకి ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి. తర్వాత వేళ్ళు. ఆ తర్వాత నడుస్తుంటే దూది మీద అడుగులేసినట్టు ఉంటుంది. ఇంకా ఎక్కువైతే ఊపిరి అందదు. తెలివి పోదు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి, ఛాతీ లేవదంతే. మా పెద్దాడపడుచు అలాగే పోయింది, నా కళ్ళలోకి చూస్తూ. ఆ విషం ఉడకబెట్టినా పోదు, వేయించినా పోదు.

దానయ్య నోట్లో వాసన అదే.

ఇక్కడి తొట్లకి నీళ్ళు పైనుంచే దింపుతారు. ఎండ తగిలిన నీళ్ళయితే నాచు బాగా పెరుగుతుందట. పైన ఎర్రనీళ్ళు పడితే గొట్టం చూస్తుందా, నేను చూస్తానా?

మర్నాడు నూకరత్నం చేత ఒక ముద్ద జేబులో దాచి తెప్పించాను. అనుమానం ఉన్నప్పుడు మా వాళ్ళలో ముసలివాళ్ళు చేసే పరీక్ష ఒకటుంది. చిటికెడు తీసి కింది పెదవి లోపల పెట్టుకుని కూర్చుంటారు, చాటెడు రొయ్యలు వలిచేంతసేపు. చిమచిమలాడితే ఏరిన బుట్టలన్నీ తిరిగి నీళ్ళలో కుమ్మరించేస్తారు. ఆ పని ముసలివాళ్ళకే ఎందుకు పెడతారంటే, పోయినా ఇంటికి పెద్ద లోటు లేదు కాబట్టి. పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ వలవడానికి రొయ్యలు లేవు, వేళ్ళతో ఉత్తుత్తినే వలిచాను. సగం చాట కూడా కాలేదు. పెదవి చిమచిమలాడింది. కాసేపటికి అసలు నా పెదవే లేనట్టయింది.

ఐదో కాగితం

శాలకి వెళ్ళాను. రెండో బంతి కూర్చుని ఉంది. నా ఫొటో కిందే నిలబడి అరిచాను. తినకండి, ఇది ఎర్రనీళ్ళ తిండి, చేతులు తియ్యండి అని.

ముందు అందరూ ఆగారు. తర్వాత ఒకడు, “అవ్వకి కుళ్ళొచ్చిందిరా, తన పులుసు మనం తేరగా తినేస్తున్నామని” అన్నాడు. ఇంకొకడు, “ఫొటోలో ముసలమ్మే నయం, అరవదు” అన్నాడు. బంతి బంతంతా నవ్వింది.

ఆ నవ్వు చూసి నేను భయపడ్డాను. కుళ్ళన్నవాడి నోటి మూల నుంచి నీళ్ళు కారుతున్నాయి, వాడికి తెలియడం లేదు. పక్కనున్న ఆడమనిషి మూతి తుడుచుకుంది, తడి లేని వైపు. ఎక్కడో చెంచా కింద పడింది. ఇంకోచోట ఇంకోటి. ఎవరూ కిందకి చూడలేదు. ఖాళీ వేళ్ళు నోటి దాకా తీసుకెళ్ళినవాణ్ణి కూడా చూశాను. అందరి మొహాల్లోనూ మంచి పులుసు తింటున్న సంతోషం.

జరీనా చెప్పిన లెక్క కూడా రాయిస్తున్నాను. ఈ నెలలో తిమ్మిరని ఆసుపత్రికి వచ్చినవాళ్ళు తొంభై ఆరుగురు. డాక్టరు లోతు ఒత్తిడి అని మాత్రలిస్తున్నాడు. జరీనా పోరితే ముద్దని పరీక్ష పెట్టెలో పెట్టారు. ఆ పెట్టెకి తెలిసిన విషాలు నలభై. ఇది వాటిలో లేదు. బాగుందని రాసిచ్చింది.

ఆరో కాగితం

నాలుగో వరసలో నీళ్ళొచ్చాయి. చీలమండల దాకా.

నా కొడుకు పని ఏంటో సభకి తెలుసు గానీ మళ్ళీ చెబుతున్నాను. బయటికెళ్ళే తలుపుల దగ్గర పెద్ద చక్రం ఉంటుంది. తవ్వేవాళ్ళు లోపలికి రాగానే దాన్ని బిగించాలి. ఎంత బిగిసిందో చక్రమే వేళ్ళకి చెబుతుందట, చివర్లో సన్నగా ఒణుకుతుందట. ఆ ఒణుకు తెలిసేదాకా తిప్పాలి. సోమవారం దానయ్యకి ఆ ఒణుకు తెలియలేదు. అయిపోయిందనుకుని వదిలేశాడు. వేలెడు సందు ఉండిపోయింది. రెండో కాపలావాడు చూసి కేకేసేలోగా వరసంతా నీళ్ళు.

చల్లటి నీళ్ళు. మంచం మీద నూకరత్నం కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. తలుపు కింద నుంచి నీళ్ళు చప్పుడు లేకుండా పరుచుకుంటూ వచ్చాయి. సముద్రం నాకు పుట్టింటి లాంటిది, దాన్ని చూసి నేనెప్పుడూ భయపడలేదు. ఆ రోజు భయపడ్డాను.

దానయ్య వచ్చి కూర్చుని రెండు చేతులూ చూసుకున్నాడు.

“నేను బిగించానమ్మా. ఒట్టు. బిగించినట్టే ఉంది.”

“శాలకి పోకురా. నేను గంజి కాస్తాను.”

“ఆరు కిలోల బియ్యంతో ముగ్గుర్నీ ఎన్నాళ్ళు సాకుతావు? ఇందాక తిన్నదీ నీ పులుసే కదా. విషమైతే అంత కమ్మగా ఉంటుందా?”

నా కొడుకు నాకు చెప్పిన సాక్ష్యం అది.

ఏడో కాగితం

ఆ రోజు నుంచి బియ్యం కోడలికే. దానికి అన్నం, నాకు వార్చిన గంజి. మొదట్లో అది వాంతి చేసుకుంది. నాలుగేళ్ళు బిళ్ళ రుచికి అలవాటుపడిన నాలుకకి నిజం అన్నం మట్టిలా ఉందట. “అత్తా, నన్ను చంపుతున్నావా బతికిస్తున్నావా?” అని ఏడ్చింది. మూడో రోజు నోట్లో అన్నం ఉండగానే ఏడుపు ఆపి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏటమ్మా?”

“తంతోందో లేదో తెలియడం లేదత్తా. తన్నకే తెలియడం లేదో, నా చేతికే తెలియడం లేదో.”

నా చెయ్యి తీసి పెట్టాను. నా వేళ్ళు మంచివే. నూరు దాకా లెక్కపెట్టాను, నాకు నూరు దాకా వచ్చు. డెబ్బై దాటాక ఒక్కసారి కదిలింది, అటు తిరిగి పడుకున్నట్టు. కదిలిందని చెప్పాను. డెబ్బై దాటాకని చెప్పలేదు.

అప్పుడు జరీనాని అడిగాను, కోడలి బిళ్ళ కాసేపు ఆపగలవా అని. ఆసుపత్రిలో పళ్ళు పీకేటప్పుడు ఆపుతారట, దానికో చిన్న అయస్కాంతం ఉంది. ఉద్యోగం పోతుందంది. పోతే నా గదిలో ఉండు, గంజి పోస్తానన్నాను. తెచ్చింది. దవడకి ఆనించి పట్టుకుంది. నేను దాచిన పాత ముద్ద కాదు, ఆ పూటే తెచ్చిన తాజా ముద్ద, గోరంత తీసి నూకరత్నం నాలుక మీద పెట్టాను.

మొహం ఎలా మారిందో ఎలా రాయించను? ఉమ్మేసింది. మళ్ళీ ఉమ్మింది. గోడ పట్టుకుని, “ఏటత్తా ఇది? ఏటిది?” అంది. “ఇదేనా రోజూ? ఇదేనా నేను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని తిన్నది?”

తర్వాత నెమ్మదిగా, “నీ పులుసు కింద ఇదా ఉంది?” అంది.

అవునన్నాను.

ఎనిమిదో కాగితం

నాకు అక్షరాలు తెలియవు గానీ వరస తెలుసు. మొదటి కాగితం మీద జరీనా గీతలు ఎండు చేపల దండల్లా తీరుగా ఉన్నాయి. నిన్నటి కాగితం మీద కిందకి జారిపోతున్నాయి. ఇవాళ కలం రెండు చేతులతో పట్టుకుంది.

“నువ్వు ఎక్కడ తింటున్నావే?”

“ఇంకెక్కడ తింటా పెద్దమ్మా.”

గంజి పోశాను. ఇక మీదట ముందు కోడలూ జరీనా తినాలి, వాళ్ళ తర్వాతే నేను.

పొద్దున్నే శశాంక్ వచ్చాడు. మంచివాడే, దొంగ కాదు. అతని పెదవీ ఒక పక్కకే కదులుతోంది. పొయ్యి తీసేస్తామని చెప్పడానికొచ్చాడు, జనాన్ని బెదరగొడుతున్నందుకు.

“నాయనా, నీ బిళ్ళ ఆపి ఒక్క మెతుకు నాలుక మీద పెట్టుకో.”

“అమ్మగారూ, పరీక్షలో బాగుందని వచ్చింది. ఓడ ఇరవై రోజుల్లో వస్తుంది, అప్పుడు పెద్ద పరీక్షకి పంపిస్తాను. ఈలోగా మీరు ఇలా అరిస్తే ఏమవుతుందో తెలుసా? పైకి పోయే డబ్బాలో పన్నెండు మందికే చోటు. అందరూ ఒక్కసారి అటు పరిగెత్తితే? మీ కోడలు ఆ తొక్కిసలాటలో ఉంటే?”

ఆ భయం నాకూ ఉంది. కానీ అడిగాను, “ఇరవై రోజులు మా దానయ్య వేళ్ళు ఆగుతాయా? సముద్రం ఆగుతుందా?”

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం పట్టుకుని వెళ్ళాడు.

వెళ్ళాక జరీనా చేత నా పాత ఒప్పందం పలక తీయించి మొత్తం చదివించుకున్నాను. నాలుగేళ్ళ కిందట ఎవరూ చదివి చెప్పలేదు, నేనూ అడగలేదు. అందులో ఉంది. రుచి ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులుండాలి. పలక మీద వేలు పడిన క్షణం నుంచి ఆ రుచి ఎవరి బిళ్ళలోనూ పుట్టదు. ఒకసారి తీసుకుంటే మళ్ళీ ఇవ్వడానికి లేదు. పొయ్యి పోతుంది, బియ్యం పోతుంది. సభ అనుమతి కావాలని ఎక్కడా లేదు. మూడుసార్లు చదివించాను.

కొట్టు సంగతి నూకరత్నం చెప్పింది. మూడో వరస చివర ఆపద వేళకని దాచిన బిస్కెట్లూ డబ్బా నీళ్ళూ ఉన్నాయి, ఊరందరికీ ఇరవై అయిదు రోజులకి సరిపడా. వరసగా రెండు బంతులు తినకుండా లేచిపోతే మేనేజరు ఆ తాళం తియ్యాలి. అది రూలు.

తొమ్మిదో కాగితం

ఇది ఆఖరిది. ఇవాళ పన్నెండు గంటల మొదటి బంతి కూర్చుంది.

సభ పెద్దలారా, మీ జవాబు కోసం నేను ఆగడం లేదు. ఈ కాగితాలు మీకు చేరేసరికి పని అయిపోతుంది. తప్పు నాదని రాయించాను, దానికి ఏ శిక్ష వేసినా పడతాను. ఇప్పుడు చెప్పే నాలుగు మాటలూ ముద్ర పడగానే గంపంతా వినిపించే ఆసుపత్రి మైకులో చదువుతానంది జరీనా. దాని నాలుక తిరుగుతుందో లేదోనని, నూకరత్నం కూడా పక్కన నిలబడుతుంది.

మన తెలుగోళ్ళందరికీ. మీ నోట్లో ఉన్నదాన్ని ఉమ్మెయ్యండి. ఇప్పుడు తగులుతున్నదే దాని అసలు రుచి. నీళ్ళతో పుక్కిలించండి, మింగకండి. ఎవరూ పైకి పోయే డబ్బా వైపు పరిగెత్తకండి. డబ్బా పన్నెండు మందికే. ముందు ఊపిరాడనివాళ్ళు, తర్వాత కడుపుతో ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళు మూడో వరస చివర కొట్టు వైపు నడవండి, పక్కవాడి భుజం పట్టుకుని. కాళ్ళు మీకు తెలియవు, అందుకని చూసి అడుగెయ్యండి. వేరే దేశాల వాళ్ళకి మనకున్నట్టు చెప్పే ముసలిది ఉందో లేదో, వాళ్ళకీ చెప్పండి. తలుపుల దగ్గర చక్రం తిప్పేవాళ్ళు ఒంటరిగా తిప్పొద్దు. వేళ్ళు మంచివిగా ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చెయ్యి మీద మీ చెయ్యి వేసుకుని తిప్పండి. ఎవరూ లేకపోతే నన్ను పిలవండి. నా వేళ్ళకి ఇంకా అన్నీ తెలుస్తాయి.

జరీనా అడుగుతోంది, “పెద్దమ్మా, నీ చెయ్యి ఒణుకుతోందే, తిమ్మిరా?” కాదు. భయమని రాయి. పులుసు పోయాక నేనేమిటో నాకు తెలియదు. నా వల్ల బతికారంటారో, నా వల్ల తొక్కుకు చచ్చారంటారో తెలియదు. నూకరత్నం రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నా కేసే చూస్తోంది, త్వరగా కానియ్యమన్నట్టు.

దానయ్య ఇవాళ మొదటి బంతి. పొద్దున నేను కాళ్ళు పట్టుకున్నా ఆగలేదు, రెండు పూటలా పస్తుండి చక్రం ఎలా తిప్పనమ్మా అన్నాడు. ఈపాటికి బొమ్మ నొక్కి ఉంటాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, అమ్మ చేతి పులుసని నములుతుంటాడు.

ఒరే దానయ్యా, అది నా చెయ్యి కాదు. మింగకు. తీసేస్తున్నాను.

నా ఇరవై రెండు రుచులూ ఈ క్షణం నుంచి వెనక్కి తీసుకుంటున్నాను.

సూరాడ ఎర్రమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
(ముందు ఈ కాగితం మీద, వెంటనే పలక మీద)

సాక్షులు:
షేక్ జరీనా, నర్సు. రాసినది కూడా నేనే.
సూరాడ నూకరత్నం, కోడలు. సంతకం కుదరక వేలిముద్ర.